స్టీరియో ఐసోమర్లు: రెండే రెండు ప్రశ్నలు

అందరికీ నమస్కారం. వెనకాల కూర్చున్నవాళ్ళకి వినిపిస్తోందా? సరే, మొదలుపెడదాం.

స్టీరియో ఐసోమెరిజం అనగానే మీలో చాలామందికి ముందు గుర్తొచ్చేది ఒక చార్టు. పైన ఐసోమెరిజం అని ఒక డబ్బా, దాని కింద స్ట్రక్చరల్, స్టీరియో అని రెండు డబ్బాలు, స్టీరియో కింద మళ్ళీ జ్యామెట్రికల్, ఆప్టికల్ అని ఇంకో రెండు. తెలుగు మీడియంవాళ్ళకి సాదృశ్యం అని మొదలై పేర్లు మారతాయి గానీ డబ్బాలు అవే. అది బట్టీ పట్టి, ఎంసెట్‌లో మార్కులు తెచ్చుకుని డిగ్రీకి వస్తారు. వచ్చాక నేను అడుగుతాను, "సిస్ బ్యూటీన్, ట్రాన్స్ బ్యూటీన్ ఒకదానికొకటి డయాస్టీరియోమర్లా, కాదా?" అని. క్లాసంతా నిశ్శబ్దం. ఎందుకంటే వాళ్ళ చార్టులో డయాస్టీరియోమర్ అనేది ఆప్టికల్ డబ్బాలో ఉంటుంది, సిస్ ట్రాన్స్ పక్క డబ్బాలో ఉంటుంది. పక్కింటివాళ్ళతో మాకు సంబంధం లేదన్నట్టు. (నవ్వులు)

జవాబు: అవును, డయాస్టీరియోమర్లే. అది ఒప్పుకుంటే ఆ చార్టు నిలబడదు. అందుకని ఇవాళ దాన్ని పక్కన పెట్టేద్దాం. రెండు ప్రశ్నలు ఇస్తాను, స్టీరియో ఐసోమర్ల జత ఏది కనబడ్డా ఆ రెండూ అడిగితే చాలు. మొదటిది, బంధాలేవీ తెంచకుండా, మామూలు వేడి దగ్గర ఊరికే సింగిల్ బాండ్లు తిప్పితే ఒకటి రెండోదిగా మారిపోతుందా? మారిపోతే అవి కన్ఫర్మేషన్లు, అంటే ఒకే అణువు వేసే వేషాలు. మారకపోతే నిజంగా రెండు వేరు పదార్థాలు, వేరు సీసాల్లో పోసుకోవచ్చు. అప్పుడు రెండో ప్రశ్న: ఒకటి రెండోదానికి అద్దంలో ప్రతిబింబమా? ఔనంటే ఎనాన్షియోమర్లు. కాదంటే డయాస్టీరియోమర్లు. మూడో గది లేదు.

అసలు స్టీరియో ఐసోమర్ అంటే ఏంటో కూడా ఒక్క ముక్కలో చెప్పుకుందాం. అణు ఫార్ములా ఒకటే, ఏ పరమాణువు దేనికి అతుక్కుందో కూడా ఒకటే, తేడా అంతా ఆ పరమాణువులు గాల్లో ఏ వైపు తిరిగి ఉన్నాయన్న దగ్గరే. ఆల్కహాల్, ఈథర్ లాంటి జతలు ఇక్కడ రావు, వాటిలో అతుకులే వేరు.

ఇప్పుడు మీరు అడగాల్సిన అసలు ప్రశ్న, "అద్దం సంగతి మీకెందుకండీ అంత ముఖ్యం?" అని. చెప్తాను. ఇది వినండి, మిగతాదంతా దీన్నుంచే వస్తుంది. ఒక అణువు తీసుకుని అందులో ఏ రెండు పరమాణువుల మధ్య దూరమైనా కొలవండి. తర్వాత దాని ప్రతిబింబంలో అవే రెండింటి మధ్య దూరం కొలవండి. సరిగ్గా అంతే ఉంటుంది. అద్దం దూరాల్ని మార్చదు, కుడి ఎడమల్ని మాత్రమే తిప్పేస్తుంది. లోపలి దూరాలన్నీ ఒకటే అయినప్పుడు పరమాణువులు ఒకదాన్నొకటి లాక్కోవడం, తోసుకోవడం కూడా ఒకటే. కాబట్టి ఎనాన్షియోమర్లకి ద్రవీభవన స్థానం ఒకటే, మరిగే ఉష్ణోగ్రత ఒకటే, నీళ్ళలో కరిగే తీరూ ఒకటే. డయాస్టీరియోమర్లలో అలా కాదు, కనీసం కొన్ని దూరాలు మారిపోతాయి. దూరాలు మారితే గుణాలు మారతాయి. అంతే లాజిక్కు.

ఉదాహరణకి మెలేయిక్ ఆమ్లం, ఫ్యుమారిక్ ఆమ్లం. రెండూ ఒకటే ఫార్ములా, మధ్యలో ఒక డబుల్ బాండ్, అటొక కార్బాక్సిల్, ఇటొక కార్బాక్సిల్. మెలేయిక్‌లో రెండు కార్బాక్సిల్సూ ఒకే పక్కన, అంటే సిస్. ఫ్యుమారిక్‌లో ఎదురెదురు పక్కల, ట్రాన్స్. ఈ ఒక్క తేడాకి ఎంత జరుగుతుందో చూడండి. మెలేయిక్ 130, 140 డిగ్రీల మధ్య కరిగిపోతుంది. ఫ్యుమారిక్ 287 దాకా కదలదు. 100 మిల్లీలీటర్ల నీళ్ళలో మెలేయిక్ 70 గ్రాములు పైగా కరుగుతుంది, ఫ్యుమారిక్ ఒక్క గ్రాము కూడా కరగదు. ఇక వేడి చేశారనుకోండి, మెలేయిక్‌లో రెండు కార్బాక్సిల్సూ పక్కపక్కనే ఉన్నాయి కాబట్టి ఒక నీటి అణువుని వదిలేసి చక్కగా రింగులా మూసుకుని అన్‌హైడ్రైడ్ అయిపోతుంది. ఫ్యుమారిక్‌లో ఆ రెండూ ఒకదాన్నొకటి అందుకోలేవు. లోపలి దూరం మారింది, మొత్తం నడవడిక మారింది.

డబుల్ బాండ్ ఎందుకు తిరగదు అంటే, తిప్పాలంటే పై (π) బంధం, అంటే డబుల్ బాండ్‌లో ఉన్న రెండో బంధం, తెగాలి. దానికి మోల్‌కి సుమారు 260 కిలోజౌళ్ళు కావాలి. గది ఉష్ణోగ్రత దగ్గర అణువుల దగ్గర ఉండే చిల్లర రెండున్నర కిలోజౌళ్ళు. కాబట్టి వాటంతట అవి తిరగవు. వెలుతురు పడితే తిరుగుతాయి, అది వేరే సంగతి, ఆ వేరే సంగతి వల్లే మీరిప్పుడు నన్ను చూడగలుగుతున్నారు. మీ కంటి రెటీనాలో రెటినాల్ అనే అణువు ఉంటుంది, పదకొండో కార్బన్ దగ్గర సిస్. ఒక ఫోటాన్ వచ్చి తగలగానే అది ట్రాన్స్ అయిపోతుంది, వంకరగా ఉన్నది నిటారుగా సాగుతుంది, దాన్ని పట్టుకుని ఉన్న ప్రోటీన్ ఆకారం మారుతుంది, మెదడుకి కబురు వెళ్తుంది. చూపు మొదలయ్యేదే ఒక సిస్ ట్రాన్స్ మార్పుతో. దీన్ని బయటపెట్టిన జార్జ్ వాల్డ్‌కి 1967లో నోబెల్‌లో వాటా వచ్చింది.

వంటింట్లో కూడా ఇదే కథ. నూనెల్లో ఉండే ఓలియిక్ ఆమ్లం సిస్, మధ్యలో వంగి ఉంటుంది, ఒకదాని పక్కన ఒకటి సర్దుకోలేదు, అందుకే 13 డిగ్రీలకే ద్రవం. దాని ట్రాన్స్ రూపం ఎలైడిక్ ఆమ్లం, ఇంచుమించు నిటారుగా ఉంటుంది, దగ్గరదగ్గరగా పేరుకుంటుంది, 44 డిగ్రీల దాకా గడ్డే. నూనెకి హైడ్రోజన్ సగం సగం పట్టించి వనస్పతి చేసేటప్పుడు కొన్ని సిస్ బంధాలు ఇలా ట్రాన్స్‌లోకి జారిపోతాయి. మీరు పేపర్లలో చదివే ట్రాన్స్ ఫ్యాట్ ఇదే. మన దేశంలో 2022 జనవరి నుంచి నూనెల్లో, కొవ్వుల్లో అది 2 శాతం దాటకూడదని ఫుడ్ సేఫ్టీ వాళ్ళ రూలు. ఆ ట్రాన్స్ అనే మాటకి అర్థం మీ కెమిస్ట్రీ నోట్సులో ఉన్న ట్రాన్సే.

ఈ (E), జడ్ (Z) అని పేర్లు పెట్టే పద్ధతి గురించి ఎక్కువ చెప్పను. డబుల్ బాండ్‌కి అటూ ఇటూ నాలుగూ వేరువేరు గ్రూపులుంటే సిస్ ఏది, ట్రాన్స్ ఏది అని తేలదు. అందుకని ఒక్కో కార్బన్ మీద పరమాణు సంఖ్య ఎక్కువున్న గ్రూపుకి పెద్దరికం ఇచ్చి, పెద్దలిద్దరూ ఒకే వైపుంటే జడ్, ఎదురెదురుగా ఉంటే ఈ. అక్కడితో అయిపోయింది. ప్రాక్టీస్ మీరు చేసుకోండి.

ఇప్పుడు అద్దం దగ్గరికొద్దాం. నాకు ఇష్టమైన భాగం ఇదే కాబట్టి కాస్త ఎక్కువసేపు ఇక్కడే ఉంటాను, టైమ్ అయిపోతే ఎవరైనా చెయ్యెత్తండి.

1848. ప్యారిస్‌లో లూయీ పాశ్చర్, అప్పటికి పాతికేళ్ళవాడు. అందరికీ రేబిస్ వ్యాక్సిన్‌తోనే తెలుసు గానీ ఆయన మొదలుపెట్టింది కెమిస్ట్రీలో, అదీ టార్టారిక్ ఆమ్లంతో. ద్రాక్షసారా పీపాల్లో అడుగున పేరుకునే పదార్థం నుంచి అది వస్తుంది. మనకి ద్రాక్షసారా ఎందుకు, చింతపండు ఉందిగా! చారులో పులుపు చాలావరకు టార్టారిక్ ఆమ్లమే. పాశ్చర్‌ని పట్టి పీడించిన సమస్య ఏంటంటే, పీపాల నుంచి వచ్చే మామూలు టార్టారిక్ ఆమ్లం ధ్రువణ కాంతిని, అంటే ఒకే తలంలో ఊగే కాంతిని, కుడివైపు తిప్పుతుంది. అదే ఫార్ములా ఉన్న ఇంకో ఆమ్లం, రసీమిక్ ఆమ్లం అని, అది అసలు తిప్పదు. ఫార్ములా ఒకటే అయినప్పుడు ఈ తేడా ఎక్కణ్ణుంచి వచ్చింది?

ఆయన రసీమిక్ ఆమ్లానికి సోడియం అమ్మోనియం లవణం చేసి, నీళ్ళలో కరిగించి, మెల్లగా ఆరనిచ్చాడు. స్ఫటికాలు వచ్చాయి. వాటిని ఒక్కొక్కటే తీసి పరీక్షగా చూశాడు. ప్రతి స్ఫటికానికీ మూలల్లో చిన్నచిన్న ఏటవాలు ముఖాలున్నాయి. కొన్నిటికి అవి కుడివైపు, కొన్నిటికి ఎడమవైపు. ఒకదానికొకటి అచ్చం ప్రతిబింబాలు. కూర్చుని చిమటాతో ఆ స్ఫటికాలని ఏరాడు, కుడివాటం ఒక కుప్ప, ఎడమవాటం ఒక కుప్ప. రెండు కుప్పల్నీ విడివిడిగా నీళ్ళలో కరిగించి చూస్తే ఒకటి కాంతిని కుడికి తిప్పింది, రెండోది సరిగ్గా అంతే ఎడమకి. సమంగా కలిపితే సున్నా. రసీమిక్ ఆమ్లం కాంతిని ఎందుకు తిప్పదో తేలిపోయింది, అందులో రెండూ సగం సగం ఉన్నాయి, ఒకదాన్నొకటి కొట్టేసుకుంటున్నాయి. ధ్రువణ కాంతి తిరగడం మీద జీవితమంతా పని చేసిన బియో అనే పెద్దాయనకి ఈ కబురు వెళ్ళింది. అప్పటికి డెబ్బై దాటినవాడు, ఒక పట్టాన నమ్మే రకం కాదు. కుర్రాణ్ణి పిలిపించి, రసీమిక్ ఆమ్లం తనే ఇచ్చి, తన కళ్ళముందే మళ్ళీ చేయించి, ద్రావణాలు స్వయంగా పరీక్షించుకుని అప్పుడు ఒప్పుకున్నాడు. సైన్స్‌లో పెద్దరికం అంటే అలా ఉండాలి.

దీంట్లో అదృష్టం కూడా ఉంది. ఆ లవణం ఇలా కుడీ ఎడమా విడివిడి స్ఫటికాలుగా వచ్చేది సుమారు 27, 28 డిగ్రీల లోపే. అంతకంటే వేడిగా ఉంటే రెండూ ఒకే స్ఫటికంలో కలిసిపోయి కూర్చుంటాయి, ఏరడానికి ఏమీ ఉండదు. విజయవాడలో మే నెలలో చేసి ఉంటే పాశ్చర్‌కి ఏమీ దొరికేది కాదు. (నవ్వులు)

ఇదంతా తెలిసింది గానీ అణువులో ఏముందో అప్పటికి ఎవరికీ తెలీదు. అది తేలడానికి ఇంకో 26 ఏళ్ళు పట్టింది. 1874లో ఇద్దరు కుర్రాళ్ళు, హాలండ్‌లో వాంట్‌హాఫ్, ఫ్రాన్స్‌లో లె బెల్, ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా ఒకే మాట చెప్పారు: కార్బన్ నాలుగు చేతులూ కాగితం మీద గీసినట్టు బల్లపరుపుగా ఉండవు, ఒక టెట్రాహెడ్రన్, అంటే నాలుగు ముక్కోణపు ముఖాలున్న ఆకారం, దాని నాలుగు మూలలకి చాచుకుని ఉంటాయి. దీనికి ఒక సులువైన సాక్ష్యం ఉంది, మీరే చేసి చూడొచ్చు. డైక్లోరోమీథేన్ తీసుకోండి. కార్బన్ బల్లపరుపు చతురస్రం అయితే రెండు క్లోరిన్లు పక్కపక్కన ఉన్నది ఒకటి, ఎదురెదురుగా ఉన్నది ఒకటి, రెండు రకాలు రావాలి. ఎంత వెతికినా ఒక్కటే దొరుకుతుంది. టెట్రాహెడ్రన్ అయితే ఎలా పెట్టినా ఒక్కటే వస్తుంది.

వాంట్‌హాఫ్‌కి అప్పుడు 22 ఏళ్ళు. తర్వాత యూట్రెక్ట్‌లో ఒక పశువైద్య కాలేజీలో ఉద్యోగం. జర్మనీలో కోల్బే అనే మహా కెమిస్టు, ఇప్పటికీ మీరు కోల్బే రియాక్షన్ చదువుతున్నారే, ఆయనే, 1877లో ఈ కుర్రాణ్ణి ఉతికి ఆరేశాడు. పశువుల కాలేజీలో పని చేసేవాడికి రెక్కల గుర్రం ఒకటి దొరికినట్టుంది, దానెక్కి ఆకాశంలో అణువులు చూసొచ్చాడు అన్న ధోరణిలో రాశాడు. 1901లో కెమిస్ట్రీకి మొట్టమొదటి నోబెల్ ఇచ్చారు. ఎవరికిచ్చారు? ఆ పశువుల కాలేజీ కుర్రాడికే. ఇచ్చింది వేరే పనికి, ద్రావణాల మీద చేసినదానికి, అయినా తృప్తిగానే ఉంటుంది.

సరే, నాలుగు చేతులకీ నాలుగు వేరువేరు గ్రూపులుంటే ఏమవుతుంది? ఇదిగో ఈ మోడల్ చూడండి. నల్ల బంతి కార్బన్. ఎరుపు, పచ్చ, నీలం, తెలుపు నాలుగు పుల్లలకి. ఇది దాని ప్రతిబింబం. తెల్లవి రెండూ పైకి పెడతాను. ఎర్రవి రెండూ నా వైపు తిప్పుతాను. ఇప్పుడు చూడండి, దీంట్లో పచ్చ నా ఎడమకి ఉంది, దాంట్లో కుడికి. ఎంత తిప్పినా రెండు రంగులు కలుస్తాయి, మిగతా రెండూ తారుమారవుతాయి. ఇంటికెళ్ళి చపాతీ పిండితో, అగ్గిపుల్లలతో చేసి చూసుకోండి, నా మాట నమ్మక్కర్లేదు. ప్రతిబింబంతో ఇలా ఒదగని దేన్నైనా కైరల్ అంటాం. కుడికాలి చెప్పు, ఎడమకాలి చెప్పు లాగా. రెండిటి బరువూ ఒకటే, తోలు ఒకటే, గోనెసంచిలో వేస్తే సంచికి తేడా తెలీదు. కాలు పెడితేనే తెలుస్తుంది, ఎందుకంటే కాలికి కూడా కుడి ఎడమలున్నాయి.

ఎనాన్షియోమర్ల విషయం సరిగ్గా ఇంతే. కైరల్ కాని దేనితో పరీక్షించినా రెండూ ఒకటే. కైరల్ అయినదానితో తగిలినప్పుడు తేడా బయటపడుతుంది. ధ్రువణ కాంతి ఆ తేడాని పట్టుకుంటుంది, మీ డిగ్రీ ల్యాబులో సోడియం దీపం పెట్టి పోలారిమీటర్‌లో చూసేది అదే. చక్కెర ఫ్యాక్టరీల్లో ఉద్యోగం చేసేవాళ్ళని అడగండి, రసంలో "పోల్" ఎంత అని రోజూ చూస్తారు, పంచదార కాంతిని ఎంత తిప్పిందో కొలిచి అందులో ఎంత పంచదార ఉందో చెప్పేస్తారు. అంతకంటే ముఖ్యమైనది మన ఒళ్ళు. మన ప్రోటీన్లన్నీ ఎల్ అనే ఒకే వాటం అమైనో ఆమ్లాలతో కట్టినవి, కాబట్టి ఎంజైములు, రిసెప్టర్లు అన్నీ కైరలే. ముక్కుతో సహా. కార్వోన్ అని ఒక పదార్థం ఉంది. ఆర్, ఎస్ అనేవి రెండు ప్రతిబింబాలకి పెట్టుకున్న పేర్లు, తర్వాత చెప్తాను. దాని ఆర్ రూపం స్పియర్‌మింట్ వాసన, చూయింగ్ గమ్ పుదీనా. దాని ప్రతిబింబం ఎస్ రూపం సోయికూర గింజల వాసన. మరిగే ఉష్ణోగ్రత ఒకటే, ముక్కుకి మాత్రం రెండూ పూర్తిగా వేరు.

ఇక్కడే ఒక మాట. లిమోనీన్ కుడిది నారింజ వాసన, ఎడమది నిమ్మ వాసన అని చాలా పుస్తకాల్లో, వీడియోల్లో కనిపిస్తుంది. అది తప్పు. నిమ్మ తొక్కలో కూడా ఎక్కువగా ఉండేది ఆ కుడి లిమోనీనే. నిమ్మకి ఆ ప్రత్యేక వాసన ఇచ్చేది ముఖ్యంగా సిట్రాల్, నిమ్మగడ్డిలో ఉండేదీ అదే. ఆ సిట్రాల్ కూడా ఒకటి కాదు, రెండు: జెరానియాల్, నెరాల్. ఒకటి ఈ, ఒకటి జడ్. అంటే నిమ్మ కథలో ఉన్నది అద్దం కాదు, డబుల్ బాండ్.

ఇక మీ అందరికీ వచ్చిన ఒక అపోహ. కైరల్ కార్బన్, అంటే నాలుగు వేరువేరు గ్రూపులున్న కార్బన్, ఉంటే అణువు కైరల్, లేకపోతే కాదు అని. ఎగ్జామ్‌లో స్టార్ గుర్తులు పెట్టి లెక్కబెట్టి, రెండు టు ది పవర్ ఎన్ వేసేస్తారు. టార్టారిక్ ఆమ్లంలో అలాంటి కార్బన్లు రెండు, కాబట్టి నాలుగు ఐసోమర్లు రావాలి. వచ్చేవి మూడే. కుడిది, ఎడమది, ఇంకోటి మీసో. మీసోలో పై కార్బన్ ఒక వాటం, కింది కార్బన్ ఎదురు వాటం, మధ్యలో అద్దం పెట్టినట్టు పై సగం కింది సగానికి ప్రతిబింబం. మొత్తం అణువుని అద్దంలో చూస్తే అదే అణువు. కైరల్ కార్బన్లు రెండున్నాయి, అణువు కైరల్ కాదు, కాంతిని తిప్పదు. మరి కుడి టార్టారిక్‌కీ మీసోకీ బంధుత్వం ఏంటి? ప్రతిబింబాలు కావు, కాబట్టి డయాస్టీరియోమర్లు. కుడిది 170 దగ్గర కరుగుతుంది, మీసో 150 లోపే.

దీనికి ఎదురు కేసు కూడా ఉంది. అలీన్లు, అంటే పక్కపక్కనే రెండు డబుల్ బాండ్లు ఉన్నవి. వాటి రెండు చివరలూ ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా ఉంటాయి. రెండు చివరల్లోనూ వేరువేరు గ్రూపులు పెడితే ఒక్క కైరల్ కార్బన్ లేకుండానే అణువు కైరల్ అవుతుంది. వాంట్‌హాఫ్ దీన్ని 1875లోనే ఊహించి చెప్పాడు. చేసి చూపించింది 1935లో. అరవై ఏళ్ళు! బైఫినైల్స్ కూడా అంతే, రెండు బెంజీన్ రింగుల మధ్య సింగిల్ బాండే, కానీ ఆర్థో స్థానాల్లో, అంటే ఆ బంధానికి పక్కనే, లావాటి గ్రూపులు పెడితే ఒకదాన్నొకటి దాటి తిరగలేవు. అందుకే కార్బన్లు లెక్కపెట్టకండి, మొత్తం అణువుని అద్దంలో పెట్టండి.

ఆర్, ఎస్ పేర్ల సంగతి. అదే పెద్దరికం రూలు. అన్నిటికంటే చిన్న గ్రూపుని మీకు దూరంగా పెట్టి, మిగతా మూడింటినీ పెద్ద నుంచి చిన్నకి చూస్తే గడియారం ముల్లు తిరిగే వైపు వెళ్తే ఆర్, ఎదురైతే ఎస్. కాన్, ఇంగోల్డ్, ప్రెలాగ్ అనే ముగ్గురు పెట్టారు. ఇది మనుషులు పెట్టుకున్న లేబుల్. ప్లస్, మైనస్ అనేవి పోలారిమీటర్ చెప్పేవి. ఈ రెండింటికీ చుట్టరికం లేదు. నమ్మరా? ఎస్ లాక్టిక్ ఆమ్లం కాంతిని కుడికి తిప్పుతుంది. దాన్ని మిథనాల్‌తో ఎస్టర్ చేయండి, ఆ కైరల్ కార్బన్ మీద చెయ్యి పడలేదు, అది ఇంకా ఎస్సే. కాంతి మాత్రం ఇప్పుడు ఎడమకి తిరుగుతుంది.

మరి ఈ కుడి తిప్పే అణువులో గ్రూపులు నిజంగా ఏ వైపున ఉన్నాయో ఎలా తెలిసింది? చాలాకాలం తెలీదు. ఎమిల్ ఫిషర్ చక్కెరల నిర్మాణాలు తేల్చేటప్పుడు రెండింట్లో ఒకటి అనుకుని గీసేశాడు, బొమ్మా బొరుసూ వేసినట్టే. అరవై ఏళ్ళు ప్రపంచమంతా ఆ బొమ్మలే గీసింది. 1951లో యూట్రెక్ట్‌లో బైఫూట్ అనే ఆయన సోడియం రుబీడియం టార్ట్రేట్ స్ఫటికం మీద ఎక్స్ కిరణాలు వేసి అసలు అమరిక తేల్చాడు. ఫిషర్ ఊహ కరెక్టే అని వచ్చింది. తప్పయి ఉంటే అప్పటిదాకా గీసిన పుస్తకాలన్నీ తిరగరాయాల్సి వచ్చేది. ఆ పని జరిగిన ల్యాబ్ పేరు వాంట్‌హాఫ్ లాబొరేటరీ.

ఇప్పుడు మందులు. మీ ఇంట్లో మందుల డబ్బా తెరిచి స్ట్రిప్పుల వెనక చిన్న అక్షరాలు చదవండి. జలుబుకి వేసుకునే సెట్రిజిన్ పది మిల్లీగ్రాములు. పక్కనే లీవోసెట్రిజిన్ అయిదు మిల్లీగ్రాములు. ఎందుకు సగం? సెట్రిజిన్ సగం ఆర్, సగం ఎస్, అలర్జీ మీద పని చేసేది ముఖ్యంగా ఆర్. ఆ ఒక్కదాన్నే విడదీసి ఇస్తే సగం మోతాదు చాలు. ఒఫ్లాక్సాసిన్, లీవోఫ్లాక్సాసిన్ కూడా అలాంటి జతే. బీపీకి వాడే ఆమ్లోడిపిన్ అయిదు, ఎస్ ఆమ్లోడిపిన్ రెండున్నర.

అలాగని పేరు ముందు లీవో అనో, ఎస్ అనో ఉంటే గొప్ప మందు అనుకోకండి. ఓమెప్రజోల్ ఉంది, దాని ఎస్ రూపం ఎసోమెప్రజోల్. అక్కడ కైరల్ కేంద్రం కార్బన్ కాదు, సల్ఫర్. కడుపులో యాసిడ్ తయారుచేసే కణాల్లోకి వెళ్ళాక రెండు రూపాలూ ఒకే పదార్థంగా మారిపోతాయి, దానికి కైరాలిటీయే ఉండదు, పని చేసేది అదే. తేడా అల్లా లివర్ వాటిని ఎంత వేగంగా ఖర్చు చేస్తుందన్న దగ్గరే. కొంత లాభం ఉంది, కాదనను, ఆ పేరుకి జరిగిన ప్రచారం అంత లాభమా అంటే నాకు అనుమానమే. ఇబుప్రొఫెన్ ఇంకో రకం. పని చేసేది ఎస్, అమ్మేది మాత్రం మామూలుగా రసీమిక్ మిశ్రమమే, ఎందుకంటే ఒంట్లో ఒక ఎంజైము ఆర్‌లో చాలా భాగాన్ని ఎస్‌గా మార్చేస్తుంది.

థాలిడోమైడ్ గురించి చెప్పకుండా ఈ టాపిక్ ఎవరూ ముగించరు. 1957లో పశ్చిమ జర్మనీలో నిద్రమాత్రగా వచ్చింది, గర్భిణులకి వేవిళ్ళకి కూడా ఇచ్చారు. 1961 చివర్లో వెనక్కి తీసుకునేలోపు పదివేల మందికి పైగా పిల్లలు చేతులు, కాళ్ళు సరిగ్గా లేకుండా పుట్టారు. అమెరికాలో ఫ్రాన్సెస్ కెల్సీ అనే అధికారిణి ఆధారాలు చాలవని అనుమతి ఇవ్వకుండా ఆపింది. పుస్తకాల్లో రాసేది, ఆర్ మంచిది, ఎస్ చెడ్డది, విడదీసి ఇచ్చి ఉంటే ఈ ఘోరం జరిగేది కాదు అని. వినడానికి బాగుంటుంది. కానీ ఆ అణువులో కైరల్ కార్బన్ మీద ఉన్న హైడ్రోజన్ సులభంగా ఊడి మళ్ళీ అతుక్కుంటుంది, అతుక్కునేటప్పుడు ఏ వైపు నుంచైనా రావచ్చు. స్వచ్ఛమైన ఆర్ మింగినా కొన్ని గంటల్లో ఒంట్లో ఎస్ తయారవుతుంది. విడదీసినా ఆ పిల్లలు తప్పించుకునేవారు కాదు. తేలికగా నోట్లో పడే కథల్ని కాస్త నమిలి చూడండి.

విడదీయడం ఎలా అంటారా? పాశ్చర్ లాగా చిమటాతో ఏరితే కంపెనీ మూసుకోవాల్సిందే. అన్ని గుణాలూ ఒకటే కాబట్టి మామూలు డిస్టిలేషన్, క్రిస్టలైజేషన్ పని చేయవు. అప్పుడేం చేస్తారంటే, ఎనాన్షియోమర్లని డయాస్టీరియోమర్లుగా మారుస్తారు. మీ మందు ఒక ఎమైన్, సగం ఆర్, సగం ఎస్ అనుకోండి. దాంట్లో కుడి టార్టారిక్ ఆమ్లం కలపండి. ఆర్ కుడి లవణం ఒకటి, ఎస్ కుడి లవణం ఒకటి. ఈ రెండూ ప్రతిబింబాలు కావు, దూరాలు మారాయి, కరిగే గుణం మారింది. ఒకటి ముందు స్ఫటికాలుగా పడుతుంది, వడకట్టి, క్షారంతో ఆమ్లాన్ని వదిలించుకుంటే మందు ఒక్కటే మిగులుతుంది. హైదరాబాద్ చుట్టుపక్కల బల్క్ డ్రగ్ కంపెనీల్లో పని చేసే కెమిస్టులకి రిజల్యూషన్, అంటే ఇలా విడదీయడం, రోజువారీ మాట. బ్యాచ్ అయ్యాక కైరల్ కాలమ్ మీద హెచ్‌పీఎల్‌సీ (మిశ్రమాన్ని విడదీసి దేనిది ఎంతో కొలిచే పద్ధతి) వేసి అవతలి ఎనాన్షియోమర్ ఎంత మిగిలిందో చూసుకుంటారు. స్పెసిఫికేషన్ దాటిందంటే ఇక ఆ రోజు టెన్షనే. మీరు రేపు ఉద్యోగాల్లో చేరితే మొదటి వారంలోనే ఇది తగులుతుంది.

కన్ఫర్మేషన్ల గురించి రెండు ముక్కలు చెప్పి ప్రశ్నలకి వదిలేస్తాను. ఈథేన్‌లో సింగిల్ బాండ్ తిప్పడానికి 12 కిలోజౌళ్ళు చాలు, గది ఉష్ణోగ్రతలో సెకనుకి వేల కోట్ల సార్లు తిరుగుతూనే ఉంటుంది. స్టాగర్డ్, ఎక్లిప్స్డ్ అని బొమ్మలు గీస్తాం గానీ సీసాలో పట్టుకోలేం. సైక్లోహెక్సేన్ కుర్చీ ఆకారం మాత్రం తేలిగ్గా తీసుకోకండి. అది బల్లపరుపు కాదని 1890లోనే జాక్సె చెప్తే ఎవరూ పట్టించుకోలేదు, చివరికి ఆ దారిలో పని చేసిన హాసెల్‌కీ బార్టన్‌కీ 1969లో నోబెల్ వచ్చింది. ఆ కుర్చీ మీద పెద్ద గ్రూపు పక్కకి చాచుకుని కూర్చోడానికే ఇష్టపడుతుంది, మిథైల్ సైక్లోహెక్సేన్‌లో దాదాపు 95 శాతం అలాగే ఉంటుంది. మీరు ఒంటికి రాసుకునే బామ్‌లో మెంథాల్ కూడా అంతే, దాని మీదున్న మూడు గ్రూపులూ పక్కకే.

ఇక ప్రశ్నలు.

(ఒక విద్యార్థిని) సార్, ఎమైన్‌లో నైట్రోజన్‌కి మూడు వేరువేరు గ్రూపులు, ఒక లోన్ పెయిర్ (బంధంలో లేని ఎలక్ట్రాన్ల జత) ఉంటే అది కూడా కైరల్ కావాలి కదా?

మంచి ప్రశ్న తల్లీ. లెక్క ప్రకారం కైరలే. కానీ మొదటి ప్రశ్న అడగలేదు నువ్వు. గాలికి గొడుగు తిరగబడ్డట్టు అది క్షణంలో అటు నుంచి ఇటు తిరగబడిపోతుంది, బంధం తెగకుండానే. కాబట్టి మామూలు ఎమైన్లలో విడదీయలేం. నాలుగో గ్రూపు పెట్టి అమ్మోనియం లవణం చేస్తే తిరగబడటం ఆగిపోతుంది, అప్పుడు విడదీయొచ్చు.

(ఇంకొకరు) ఆల్ఫా గ్లూకోజ్, బీటా గ్లూకోజ్ ఎనాన్షియోమర్లా సార్?

నువ్వే చెప్పు. ఆ రింగులో కైరల్ కార్బన్లు అయిదు. ఆల్ఫాకీ బీటాకీ మారింది ఎన్ని? ఒక్క మొదటి కార్బనే. ప్రతిబింబం కావాలంటే అయిదూ తిరగాలి. కాబట్టి? ఆఁ, డయాస్టీరియోమర్లు. అందుకే ఆల్ఫా ప్లస్ 112 డిగ్రీలు తిప్పుతుంది, బీటా ప్లస్ 19 లోపే. ఎనాన్షియోమర్లే అయితే ఒకటి ప్లస్ 112, ఇంకోటి మైనస్ 112 ఉండాలి కదా. నీళ్ళలో వేస్తే రింగు తెరుచుకుని మూసుకుంటూ రెండూ కలిసి 52.7 దగ్గర స్థిరపడతాయి. ఇక ఈ ఒక్క కార్బన్ తేడా ఎంత దూరం వెళ్తుందంటే, ఆల్ఫా గ్లూకోజులు దండ గుచ్చితే స్టార్చ్, అంటే మధ్యాహ్నం మీరు తిన్న అన్నం. బీటా గ్లూకోజులు గుచ్చితే సెల్యులోజ్, అదే వరి గడ్డి. ఒకే మొక్క, ఒకే చక్కెర. ఈ గ్లూకోజు దండల్లో మన ఎంజైములు ఆల్ఫా బంధాన్నే కోయగలవు, బీటా జోలికి వెళ్ళలేవు. గేదె తింటుంది కదా అంటారేమో, గేదె దగ్గర కూడా ఆ ఎంజైము లేదు, దాని కడుపులో ఉన్న సూక్ష్మజీవుల దగ్గర ఉంది.